బీఎస్సీ అయిపోయి ఏడాదైంది, విశాఖలోనే ఉద్యోగం దొరుకుతుందా?

నీ ప్రశ్న ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసై ఏడాది దాటింది. ఇల్లు గాజువాకలో. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు. ఆయన బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. స్నేహితులు అమీర్‌పేట వెళ్లి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేద్దాం రమ్మంటున్నారు. ఎక్కడికీ వద్దు, సంబంధాలు చూస్తామంటోంది అమ్మ. ఈ ఊళ్లోనే ఉండి, ఖాళీగా కూర్చోకుండా ఏం చేయాలో చెప్పమన్నావు. బీకామ్ చదివిన మీ ఫ్రెండ్ సంగతి కూడా అడిగావు. నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నేను పరవాడ ఫార్మాసిటీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ల్యాబ్‌ కెమిస్టుగా మొదలయ్యాను. కొన్నేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటున్నాను. కాబట్టి నీ సబ్జెక్టు గురించి గట్టిగా చెప్పగలను. మిగతావి చుట్టుపక్కల చూసి తెలుసుకున్నవి.

మన ఊళ్లో ఒక చిత్రం ఉంది. డిగ్రీ పిల్లలు ఉద్యోగం వెతికే చోటు వేరు, ఉద్యోగాలున్న చోటు వేరు. పొద్దున్న లేచి ద్వారకానగర్ వెళ్తారు, కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ చదువుతారు, మద్దిలపాలెంలో రూములో కూర్చుని హైదరాబాద్ నోటిఫికేషన్లు చూస్తారు. కెమిస్ట్రీ చదివినవాళ్లకు పని మాత్రం గాజువాక దాటాక మొదలవుతుంది. దువ్వాడ సెజ్, పరవాడ, అచ్యుతాపురం ఉన్నది అటే. నువ్వు పుట్టి పెరిగిందే ఆ దారి మొదట్లో. అయినా ఏడాదిలో ఒక్కసారి కూడా పరవాడ వైపు వెళ్లలేదని రాశావు. తప్పు పట్టడం లేదు, నాకు వచ్చే పది రెజ్యూమేల్లో ఏడెనిమిది ఇలాగే ఉంటాయి.

ఇంకో చిన్న మెలిక ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. జాబ్ సైట్లలో విశాఖపట్నం అని మాత్రమే పెట్టి వెతికితే అక్కడి ఖాళీలు కొన్ని కనిపించవు. అనకాపల్లి, పరవాడ, అచ్యుతాపురం అని విడివిడిగా కొట్టి చూడు.

ముందుగా తొందర ఎందుకో చెబుతాను. ఫార్మా వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ) ప్రకటన ఏదైనా తీసుకో. కింద "2024, 2025 పాసవుట్స్ మాత్రమే" అనో, మూడేళ్ల లోపు పాసైనవాళ్లనో ఉంటుంది. ఫ్రెషర్‌గా లోపలికి వెళ్లే తలుపు రెండు మూడేళ్లే తెరిచి ఉంటుంది. ఆ తర్వాత అనుభవం ఉన్నవాళ్ల లైన్లో నిలబడాలి, అనుభవమేమో ఉండదు. ఇంట్లో వాళ్లకు ఈ లెక్క తెలియదు. "ఇంకో ఏడాది చదువుకో, ఏం పోయింది" అంటారు. పోయేది ఇదే. మొదటి జీతం తక్కువని వెనకాడేవాళ్లను చూస్తే నాకు పెద్దగా దిగులు ఉండదు, నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. ప్రిపరేషన్ పేరుతో మూడేళ్లు గడిపి, పేపరు మీద చూపించడానికి ఏమీ లేక వచ్చేవాళ్లను చూస్తేనే దిగులు.

ఇక ఇంటర్వ్యూ సంగతి. ఫస్ట్ క్లాసు వచ్చింది కదా ఎవరూ పిలవడం లేదేమిటని రాశావు. మార్కులు గేటు దాకానే. లోపల మేం అడిగేవి చాలా చిన్న ప్రశ్నలు. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఒక లీటరు తయారు చేయాలంటే గాఢమైన ఆసిడ్ ఎంత తీసుకుంటావు? చాలామంది ఫార్ములా రాసి ఆగిపోతారు. గాఢ ఆసిడ్ సుమారు 12 నార్మల్ ఉంటుంది కాబట్టి ఎనిమిది, ఎనిమిదిన్నర మిల్లీలీటర్లు అని చెప్పి, ముందు నీళ్లు పోసి అందులో ఆసిడ్ కలుపుతాను సార్ అన్న అమ్మాయిని దాని మీద మేం ఇంకో ప్రశ్న అడగం. తర్వాత పీహెచ్ మీటర్ చూపించి, రీడింగ్ తీయాలంటే మొదట ఏం చేస్తావని అడుగుతాం. శాంపిల్‌లో ఎలక్ట్రోడ్ ముంచేస్తాననేవాళ్లే ఎక్కువ. ముందు బఫర్ ద్రావణాలతో క్యాలిబ్రేట్ చేయాలి, 4, 7, 9.2 అని చెబితే చాలు, కాలేజీలో నిజంగానే ల్యాబ్ చేసిందని అర్థమవుతుంది.

నాకు ఇష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. రిజిస్టరులో రీడింగ్ తప్పు రాశావు, ఏం చేస్తావు? వైట్‌నర్ పెడతానన్నవాళ్లు, కొత్త పేజీలో మళ్లీ రాస్తానన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. తప్పు అంకె కనిపించేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, ఎందుకు మార్చావో కారణం రాయాలి. ఫార్మాలో పెన్సిలూ వైట్‌నరూ గేటు లోపలికే రావు. అమెరికా ఆడిటర్ వచ్చి అడిగేది కూడా ఆ గీత గురించే. ఇది డిగ్రీలో పెద్దగా ఎవరూ చెప్పరు, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. దాంతోపాటు క్యూసీకి, క్యూఏకి (రికార్డులూ పద్ధతులూ సరిగ్గా ఉన్నాయో చూసే విభాగం) తేడా, జీఎంపీ అంటే ఏమిటి, హెచ్‌పీఎల్‌సీలో (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) మొబైల్ ఫేజ్‌ని ఎందుకు డీగ్యాస్ చేస్తారు, సీ18 కాలమ్ అంటే ఏమిటి, ఇవి చదువుకో. మెషీన్ మీద చేయి పెట్టలేదని బెంగ వద్దు, ఫ్రెషర్ దగ్గర ఎవరూ అది ఆశించరు. హెచ్‌పీఎల్‌సీ ట్రైనింగ్ అని 30, 40 వేలు అడిగే సెంటర్లున్నాయి. నా ఉద్దేశంలో ఆ డబ్బు దండగ, కంపెనీలో చేరాక జీతమిచ్చి మరీ నేర్పిస్తారు.

ఖాళీలు ఎలా తెలుస్తాయంటావా? తెల్లారి ఐదున్నరకు మీ వీధి చివర కంపెనీ బస్సు కోసం టిఫిన్ బాక్సుతో నిలబడేవాళ్లున్నారు చూడు, వాళ్లను అడుగు. గాజువాక, కూర్మన్నపాలెం, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి ఏ షిఫ్టుకు ఏ కంపెనీ బస్సు వెళ్తుందో, ఏ బ్లాకులో మనుషులు కావాలో హెచ్‌ఆర్ ప్రకటన రాకముందే వాళ్లకు తెలుస్తుంది. నీ రెజ్యూమేలో అడ్రస్ గాజువాక అని పైనే కనపడేలా పెట్టు. బస్సు రూటు మీద ఉన్న అమ్మాయి మానేయదని ఒక నమ్మకం, మేమూ చూస్తాం. వాక్-ఇన్‌లు ఎక్కువగా ఆదివారాలు పెడతారు. కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకో. అక్కడివాళ్లూ, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్లూ పెట్టే జాబ్ మేళాల్లో సేల్స్ ఉద్యోగాలే ఎక్కువ. అయినా ఒకటి రెండింటికి వెళ్లు, ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతుంటే జవాబు చెప్పే అలవాటైనా అవుతుంది.

జీతం గురించి ముందే తెలుసుకుంటే తర్వాత ఏడుపు ఉండదు. ఏడాదికి 2 లక్షల 40 వేలు సీటీసీ (కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అంటారు. నెలకు 20 వేలు అనుకుని ఇంట్లో చెప్పేస్తావు. ఒక మామూలు లెక్క చూడు. గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 17,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. నీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ 0.75 శాతం, 128. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 15,300కి కాస్త తక్కువ. కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ లాంటివన్నీ కలిపి ఇంచుమించు ఆ 20 వేలు చూపిస్తారు. ఇందులో మోసం లేదు, పద్ధతే అంత. పీఎఫ్ కట్ అవుతోందని బాధపడకు. నిజానికి ఆ కోతే నీకు సాక్ష్యం. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా కంపెనీ పేరు పడితేనే రేపు ఇంకో చోట నీ అనుభవం అనుభవం కింద లెక్క.

అందుకే చేరేముందు కంపెనీ రోల్సా (నేరుగా కంపెనీ ఉద్యోగా), కాంట్రాక్టరు రోల్సా, అప్రెంటిసా అని అడిగి తీరాలి. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధనా ఉండదు. అలాగని అప్రెంటిస్ చెడ్డదేమీ కాదు. కేంద్రం నడిపే నాట్స్ (అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే బీఎస్సీ, బీకామ్ వాళ్లకూ అవకాశాలు వస్తాయి, స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. ఏడాది సర్టిఫికెట్ పనికొస్తుంది. కాకపోతే ఉద్యోగమనుకుని అప్రెంటిస్‌లో చేరకూడదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. "లెటర్ తర్వాత ఇస్తాం, రేపటి నుంచి వచ్చేయండి" అంటే రెండు రోజులు ఆగి అయినా సరే, కాగితం చేతికొచ్చాకే వెళ్లు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకో, దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు.

అమ్మ భయం గురించి. ఆవిడ భయంలో న్యాయం ఉంది, కొట్టిపారేయకు. ఫార్మా అంటే సాల్వెంట్లు, రియాక్టర్లు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. మీ ఇంట్లో టీవీలో చూసే ఉంటారు. ప్రొడక్షన్ బ్లాకుతో పోలిస్తే క్యూసీ, క్యూఏ, మైక్రోబయాలజీ ల్యాబుల్లో ప్రమాదం తక్కువ, అసలు లేదని మాత్రం చెప్పను. ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు, ఏడాదికోసారి మెడికల్ చెకప్ ఉందా, షిఫ్టు అయ్యాక బస్సు ఎక్కడ దింపుతుంది అని అడుగు. ఇవి అడిగితే మైనస్ అవుతుందనుకుంటారు పిల్లలు. నా దగ్గరైతే ప్లస్సే. ఆడవాళ్లకు నైట్ షిఫ్టు వేయాలంటే వాళ్ల ఒప్పుదల ఉండాలి, రవాణా, భద్రతా ఏర్పాట్లు చేయాలి. క్యూసీలో అమ్మాయిలను ఎక్కువగా జనరల్ షిఫ్టులోనో, పొద్దుటి షిఫ్టులోనో వేస్తారు. వీలైతే అమ్మను ఆ బస్సెక్కే అక్కలెవరితోనైనా ఒకసారి మాట్లాడించు. నేను వంద మాటలు రాసినా వాళ్లు చెప్పే ఒక్క మాటకు సరిరాదు.

బ్యాంకు కోచింగ్ సంగతి. నాన్నగారు ఎందుకలా అంటున్నారో నాకు తెలుసు. స్టీల్‌ప్లాంట్‌లో వీఆర్‌ఎస్‌లు (స్వచ్ఛంద పదవీ విరమణలు), కాంట్రాక్టు వాళ్ల తొలగింపులు కళ్లారా చూస్తున్న మనిషికి కూతురిది పక్కా ఉద్యోగం కావాలనిపించడం సహజం. రాయి, తప్పకుండా రాయి. బ్యాంకు పరీక్షలు పెట్టే సంస్థ ఐబీపీఎస్ ఏ పరీక్ష ఎప్పుడో ఏడాదికి సరిపడా క్యాలెండర్ ముందే ఇస్తుంది. క్లర్కుకు 20 నుంచి 28 ఏళ్లు, పీఓకు (ప్రొబేషనరీ ఆఫీసర్) 20 నుంచి 30 ఏళ్లు, రిజర్వేషన్ ఉంటే ఇంకా సడలింపు. అంటే నీకు వయసు చాలా ఉంది, ఉద్యోగం చేస్తూ కూడా నాలుగైదు సార్లు రాయొచ్చు. ఫార్మా ఫ్రెషర్ తలుపుకి అంత వయసు లేదు. ముందు మూసుకుపోయే తలుపులోంచి వెళ్లి, రెండోదాన్ని సాయంత్రాలు తట్టడం తెలివైన పని. ఇప్పుడే కోచింగ్‌కే వెళ్తానంటే మటుకు ఎన్ని నోటిఫికేషన్లు చూస్తావో ఇంట్లో ముందే మాట్లాడుకో. రెండు విడతలు రాశాక కూడా మెయిన్స్ దాకా వెళ్లలేకపోతే దిగిపోవాలి. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీలో చూస్తుంటాను, ఒకే కుర్చీలో ఏళ్ల తరబడి అవే పుస్తకాలు తిరగేసేవాళ్లను. తెలివైన పిల్లలే. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పక అలా ఉండిపోయారు.

అమీర్‌పేట కోర్సు నాకు నచ్చలేదు. కోడింగ్ మీద ఇష్టం ఉందని నీ ప్రశ్నలో ఎక్కడా లేదు, అందరూ వెళ్తున్నారని తప్ప. ఫీజు, హాస్టల్ కలిపి లక్ష దాటుతుంది, ఇక్కడ ఉన్న ఏడాది గ్యాప్ అక్కడ రెండేళ్లవుతుంది. విశాఖలో ఐటీ లేదని కాదు. రుషికొండ కొండల మీద కంపెనీలున్నాయి, 2023లో ఇన్ఫోసిస్ వచ్చింది, టీసీఎస్‌కు స్థలమిచ్చారు, 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించింది. ఈ వార్తలు చూసి "రెండేళ్లాగితే ఇక్కడే అన్నీ వస్తాయి" అని కూర్చునేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. డేటా సెంటర్ కట్టేటప్పుడు కావలసినంత మంది నడిపేటప్పుడు అక్కర్లేదు. ఆ వార్తలు నీ బయోడేటాలో లైను కింద పనికిరావు. కంప్యూటర్ ముందు పనే కావాలంటే మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని) ఒకటుంది, లైఫ్ సైన్సెస్ వాళ్లకు ఎక్కువ నప్పుతుంది, కెమిస్ట్రీ వాళ్లనూ తీసుకుంటారు.

ఎమ్మెస్సీ చేయనా అని చివర్లో ఒక ముక్క రాశావు. ఆర్గానిక్‌లోనో అనలిటికల్‌లోనో సీటొస్తే, ఆర్ అండ్ డీకి (పరిశోధన విభాగం) వెళ్లాలనుంటే చెయ్యి, అక్కడ ఎమ్మెస్సీ లేకుండా రానివ్వరు. ఉద్యోగం దొరకలేదు కాబట్టి చేస్తానంటే వద్దు.

ఒక హెచ్చరిక. డబ్బు తీసుకుని ఉద్యోగమిస్తామనేవాళ్లు గాజువాకలోనూ దొరుకుతారు. డాక్‌యార్డులో తెలిసినవాళ్లున్నారంటారు, రైల్వేలో బ్యాక్‌డోర్ అంటారు, అడ్వాన్స్ ఇవ్వమంటారు. ఏ కంపెనీ కూడా చేరడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. డిపాజిట్, యూనిఫాం, ట్రైనింగ్ ఫీజు, పేరేదైనా సరే. విదేశాల్లో డేటా ఎంట్రీ అంటే ఇంకా జాగ్రత్త. 2024లో మన విశాఖ, శ్రీకాకుళం వైపు కుర్రాళ్లను అలాగే కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. మే నెలలో విశాఖ పోలీసులు ఆ ముఠా సంగతి బయటపెట్టారు. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు బీకామ్ ఫ్రెండ్. ఆమెకు ట్యాలీ వచ్చన్నావు. ట్యాలీ ఒక్కటే అయితే ఆడిటర్ ఆఫీసులో తక్కువ జీతానికి చేరాలి. అదీ మంచిదే. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు, జీఎస్‌టీఆర్-1 పదకొండో తేదీలోగా, 3బీ ఇరవయ్యో తేదీలోగా వేసే హడావుడి నాలుగు నెలలు చూస్తే కాలేజీలో మూడేళ్లలో రానిది వస్తుంది. కానీ ఆమె ఉంటున్నది రేవున్న ఊరని మర్చిపోతోంది. పోర్టు ఏరియాలో కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులున్నాయి, అందరూ సీహెచ్‌ఏ ఆఫీసులంటారు. సరుకు దిగుమతైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎగుమతైతే షిప్పింగ్ బిల్ వేయడం వీళ్ల పని. మన దగ్గర్నుంచి రొయ్యలు కంటైనర్ల మీద కంటైనర్లు వెళ్తాయి, ప్రతి కంటైనర్ వెనకా ఒక కట్ట కాగితాలుంటాయి. ఇంటర్వ్యూలో ఆ రెండు బిల్లులకీ తేడా చెప్పగలిగితే సగం పనైనట్టే. ముందు హెచ్ కార్డుతో (కస్టమ్స్ దగ్గర పనిచేయడానికి ఇచ్చే గుర్తింపు కార్డు) చేరతారు. తర్వాత కస్టమ్స్ వాళ్లు పెట్టే పరీక్ష పాసైతే జీ కార్డు వస్తుంది. జీ కార్డు ఉన్నవాళ్లను ఏ బ్రోకరూ వదులుకోడు, చెన్నై వెళ్లినా, గుజరాత్ రేవు ముంద్రా వెళ్లినా పని దొరుకుతుంది. ఆపైన ఎఫ్ కార్డు పరీక్ష ఉంది, అది సొంతంగా లైసెన్సు తెచ్చుకునే దారి. ఈ సంగతి కాలేజీల్లో ఎవరూ చెప్పరు, ఎందుకో నాకూ అర్థం కాదు.

ఆమెతో కలిసి వెతుకుతున్నామని రాశావు. ఆదివారం వాక్-ఇన్‌లకు మాత్రం ఎవరిదారిన వాళ్లు వెళ్లండి. నువ్వు పొద్దున్నే గేటు దగ్గరుండు, పది దాటితే పేర్లు రాసుకోవడం ఆపేస్తారు. రెజ్యూమే ఒక్క పేజీ, నాలుగు కాపీలు, మార్కుల జాబితాల జిరాక్సులు, ఆధార్, రెండు ఫోటోలు, నీలం పెన్ను, మంచినీళ్లు. చెవికి జూకాలు, చేతికి గాజులు లేకుండా వెళ్తే మంచిది, ల్యాబు చూపించడానికి లోపలికి తీసుకెళ్తే అక్కడ తీయమంటారు. పిలుపొచ్చాక ఏ డిపార్ట్‌మెంటుకో చెప్పు. క్యూఏ అయితే ప్రశ్నలు కాస్త వేరుగా ఉంటాయి, అవి విడిగా రాస్తాను.